గడిలో నన్నెవరూ పిలవలేదు

చచ్చినవాళ్లు తిరిగి వస్తారని నేను ఎన్నడూ నమ్మలేదు. పెద్ద జ్వరం వచ్చిన ఏడాది షోలాపూర్‌లో, మా భవాని పేటలో, ఒక్కో ఇంటి నుంచి ఇద్దరు ముగ్గురు పోయారు. మగ్గాల చప్పుడు లేని గల్లీని నేను అప్పుడే మొదటిసారి చూశాను. పోయినవాళ్లలో ఒక్కరు కూడా మళ్లీ ఏ గుమ్మం ముందూ నిలబడలేదు. రావాలనే కోరిక ఒక్కటి ఉంటే రాగలిగేటట్టయితే, పసిపిల్లల్ని వదిలిపోయిన తల్లులు వచ్చి ఉండేవాళ్లు. చిన్నపిల్లగా ఉన్నప్పుడే నాకు ఈ సంగతి తట్టింది. ఆ తర్వాత దయ్యాల మాట ఎవరెత్తినా లేచి వెళ్లిపోయేదాన్ని.

మరాఠీ బడిలో ఆరో తరగతి దాకా చదివాను. తెలుగు అక్షరాలు అమ్మ పట్టుబట్టి రాత్రి బడిలో నేర్పించింది. చేతికి దొరికిన పుస్తకం ఏదైనా వదలలేదు. మా గల్లీలో ఉత్తరాలు చదివిపెట్టేది నేనే. ఇది గొప్పకు చెప్పడం లేదు. కింద రాసేది చదివి, ఏమీ తెలియని ఆడది దేన్నో చూసి జడుసుకుంది అనుకోవద్దని చెబుతున్నాను.

నిజానికి ఆ రోజు నేను చూసింది ఏమీ లేదు. విన్నదీ ఏమీ లేదు. అదే చిక్కు.

అమ్మ మాఘమాసంలో పోయింది. షోలాపూర్ వచ్చిన నాటి నుంచి ఇరవై ఆరేళ్లు రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టింది. నూలు దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరిందని డాక్టరు అన్నాడు. పడుకుంటే ఊపిరి ఆడక, చివరి నాలుగు రోజులు గోడకు ఆనుకుని కూర్చునే ఉంది. ఆ నాలుగు రోజుల్లోనే నాకు తన సంగతి చెప్పింది. అంతకు ముందు, మాది నిజాం ఇలాకా అని తప్ప నాకేమీ తెలియదు.

అమ్మ నేతవాళ్ల ఇంట్లో పుట్టలేదు. ఎవరింట్లో పుట్టిందో ఆమెకే తెలియదు. తొమ్మిదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు ఒక దొర కూతురి పెళ్లిలో మంచాలు, బిందెలు, బర్రెలతో పాటు ఆమెను కూడా అత్తవారింటికి పంపారు. అట్లా పంపిన పిల్లను ఆడబాప అంటారు. ఆడబాప బతికినంత కాలం ఆ గడిలోనే, అంటే దొర ఉండే కోట లాంటి ఇంట్లోనే, చాకిరీ చేయాలి. పెళ్లి ఉండదు. పిల్లలు పుడితే వాళ్లూ గడివాళ్లే. దొర రమ్మన్నప్పుడు రానని అనే నోరు ఉండదు.

నేను ఆరు నెలలుగా కడుపులో ఉన్నప్పుడు అమ్మ ఆ గడి నుంచి పారిపోయింది. నా తండ్రి ఎవరో ఆమె చెప్పలేదు. నేను అడగలేదు.

గడికి బావి వైపు ఒక చిన్న తలుపు ఉండేదట. దాని తాళం నీళ్లు మోసే ఆమె దగ్గర ఉండేది. అమ్మ ఆమెను గంగక్క అనేది. ఒక పొద్దున గంగక్క తాళం తీసి, అమ్మ నెత్తిన ఖాళీ బిందె పెట్టి, నీళ్లకు పోతున్నట్టే నడువు, వెనక్కి చూడకు అని బయటికి తోసింది. తాను రాలేదు. ఇద్దరం కనబడకపోతే వెంటనే పట్టుకుంటారు, నేనుంటే పొద్దెక్కేదాకా ఏదో ఒకటి చెబుతానంది. అమ్మ దారిలో షోలాపూర్‌కు వలస పోతున్న నేతవాళ్లతో కలిసింది. వాళ్లలో పిల్లలు లేని ముసలి జంట ఆమెను మా బిడ్డే అని చెప్పుకుని తీసుకొచ్చారు. నేను తాత, అవ్వ అని పిలిచింది వాళ్లనే.

గంగక్కను కొట్టారని, ఆమె ఎడమ చెయ్యి విరిగి వంకరగానే అతుక్కుందని తర్వాత ఆ వైపు నుంచి వచ్చినవాళ్లు చెప్పారు.

"పానం భయానికి ఒక్క కబురు గూడ పంపలే బిడ్డా," అంది అమ్మ. "బతికుంటే తోలుకరా. నా జాగల ఆమెను కూసోవెట్టు. అన్నం వెట్టు." అదే ఆమె నన్ను అడిగిన ఒకే ఒక్క పని.

పన్నెండో రోజు కార్యం అయ్యాక మా ఆయనకు చెప్పాను. అతను వెళ్లి మగ్గం మీద కూర్చుని ఒక జానెడు నేసిన తర్వాత అన్నాడు: "ఆడబాప బిడ్డ గూడ మాదే అంటరు వాళ్లు. నిన్ను గుర్తువట్టి ఉంచుకుంటే నేనేం జేయాలె?"

"గుర్తుపట్టేది ఎట్ల? నేను ఆడ పుట్టనే లేదు గద."

"నీ మొఖం ఆడ పుట్టింది గద," అన్నాడు.

అయినా వస్తానన్నాడు. "తెల్లోళ్లు వెట్టిన మార్షల్ లా చూసినోళ్లం షోలాపూరోళ్లం. ఒక్క దొరకు భయపడ్తమా? తంతే తన్నని, జాలె." జాలె అంటే మరాఠీలో అయిపోయిందని. మా ఆయన భయపడినప్పుడే ఆ మాట అంటాడు.

చీరెలు అమ్మేవాళ్లలా వెళ్లాలని అనుకున్నాం. షోలాపూర్ చీరె అంటే నిజాం ఇలాకాలో ఏ ఇంటికైనా ఆడమనిషిని లోపలికి రానిస్తారు. మా రెండు మగ్గాల మీద నేసినవీ, పక్కింటి వాళ్లవీ కలిపి ఏడు చీరెలు మూట కట్టాను. వాడి జంక్షన్‌లో రైలు మారాము. సుంకం వసూలు చేసే కరోడ్‌గిరీ జవాన్లు మూట విప్పించి ఒక్కో చీరె దులిపి చూశారు. తర్వాత ఇంకో రైలు, ఒక మోటారు బస్సు, చివరికి మూడు కోసులు ఎడ్లబండి. ఊరి పేరు రాయను. ఆ కుటుంబం ఇంకా ఉంది.

వైశాఖ మాసం, పొద్దు నడినెత్తికి రావడానికి ఇంకా సమయం ఉంది. ముందు రాత్రి రైల్లో నాకు సరిగా నిద్ర లేదు. పొద్దున జొన్న రొట్టె తిన్నాను. జ్వరం లేదు. తర్వాత జరిగినదానికి కారణం వెతికేవాళ్లకు ఇవి పనికి రావచ్చని రాస్తున్నాను.

గడి కనబడగానే బండివాడు కిందికి దిగి, చెప్పులు విడిచి చేతిలో పట్టుకున్నాడు. మమ్మల్నీ విడవమన్నాడు. "దొర పట్నంల ఉంటడమ్మా, ఈడ లేడు."

"లేనప్పుడు ఎందుకు?" అన్నాడు మా ఆయన.

"గోడ ఉన్నది గదయ్యా," అన్నాడు అతను. పరాచికంగా అనలేదు.

ఆ గోడ రెండు నిలువుల ఎత్తు ఉంది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లతో మూడు తరాల కిందట వెట్టికి కట్టించారట. మట్టి కాళ్లతో తొక్కినవాళ్లు, సున్నం మోసినవాళ్లు, ఎవరికీ గింజ కూడా ఇవ్వలేదని బండివాడే చెప్పాడు. వాళ్ల తాత అందులో ఒకడు. మట్టి కాలుతోంది. నేను మూట నెత్తిన పెట్టుకుని నడిచాను.

దర్వాజా దగ్గర గుమాస్తా అడ్డం వచ్చాడు. ఏ ఊరు, ఎవరి బిడ్డవు, ఇంటిపేరేంది అని అడిగాడు. నేను అవ్వ, తాతల పేర్లు చెప్పాను. అతను నా మొహం వైపు కొంచెం ఎక్కువసేపే చూశాడు. తర్వాత మా ఆయనను దర్వాజా లోపలి వైపు అరుగు కింద కూర్చోమని, నన్ను లోపలికి పంపాడు. నా వెనక దర్వాజా మూసి అడ్డగడియ వేసిన చప్పుడు వినబడింది. పగటి పూట దర్వాజా మూసే ఇంటిని నేను అంతకు ముందు చూడలేదు.

లోపల ఇంకో వాకిలి, దాని చుట్టూ వసారా. దొరసాని వసారాలో పీట మీద కూర్చుని ఉంది. అరవై దగ్గర వయసు. నెరిసిన జుట్టు, నోట్లో తమలపాకు. నా వయసే ఉన్న ఒక ఆడమనిషి వెనక నిలబడి విసనకర్రతో విసురుతోంది. అమ్మను తొమ్మిదేళ్లప్పుడు వెంట తెచ్చుకున్న పెళ్లికూతురు ఈమే అని నాకు తెలుసు. మొహం కిందికి వంచి మూట విప్పాను.

"గంగీ, ఈమెకు నీళ్లియ్యి," అంది దొరసాని.

వంకర చెయ్యి కోసం తలెత్తి చూశాను. కానీ విసనకర్ర పక్కన పెట్టి కదిలింది వెనక నిలబడ్డ ఆమే. పొడుగ్గా ఉంది. రెండు చేతులూ తిన్నగా ఉన్నాయి. చెంబుతో నా దోసిట్లో నీళ్లు పోస్తుంటే తల వంచుకునే మెల్లగా అడిగాను: "ఇంకో గంగవ్వ ఉండాలె గద, ముసలామె?"

ఆమె కూడా తల ఎత్తలేదు. "ఈడ నీళ్లు మోసేదాని పేరే గంగి. ఏ గంగిని అడుగుతున్నవ్?"

అప్పుడు అర్థమైంది. ఆ ఇంట్లో పేరు మనిషిది కాదు, పనిది. ఒకతి పోతే ఆమె బిందె, ఆమె పేరు ఇంకొకతికి వస్తాయి. అమ్మకు ఇది తెలియకుండా ఉండదు. ఆ ఇంట్లో పెరిగింది కాబట్టి చెప్పవలసిన సంగతి అని తోచి ఉండదు. నేను అడగబోయేలోపు దొరసాని పిలిచింది, ఆమె వెళ్లి మళ్లీ విసనకర్ర పట్టుకుంది.

దొరసాని మొదటి చీరె అంచు రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది. "అంచు కురచ. షోలాపూరోళ్లకు నూలు దగ్గర గూడ పిసినారితనమేనా?"

"నూలు మా ఇంట్ల పండదు గద దొరసాని," అన్నాను. నవ్వింది. రెండోది, మూడోది పక్కన పెట్టింది. నేను మాటల్లో పెట్టి, అటూ ఇటూ పోతున్న ఆడవాళ్ల చేతులు చూస్తున్నాను. ముగ్గురు కనబడ్డారు. ఎవరి చెయ్యీ వంకర లేదు. ఒకసారి తలెత్తితే దొరసాని చీరె వైపు కాక నా వైపు చూస్తోంది.

"నిన్నెక్కడనో చూసిన."

"షోలాపూర్ నుంచి ఎన్నడు రాలేదు దొరసాని."

ఆమె మళ్లీ తల వంచి నాలుగో చీరె ఒళ్లోకి తీసుకుంది. ఆకుపచ్చ చీరె, ఎర్ర అంచు. ఆమె నోరు మూసి ఉంది, ఆకు నములుతోంది. విసనకర్ర చప్పుడు తప్ప ఏ చప్పుడూ లేదు. ఇంతవరకు నాకు స్పష్టంగా గుర్తుంది.

ఆ తర్వాత నేను నిలబడి ఉన్నాను. కూర్చున్న చోటు నుంచి ఏడెనిమిది అడుగుల దూరంలో, వసారా మూలలో ఉన్న పెద్ద చెక్క అల్మారా ముందు ఉన్నాను. లేవడం గుర్తు లేదు. నడవడం గుర్తు లేదు. రెండు చేతులూ ముందుకు చాపి ఉన్నాయి, దేన్నో అందుకునేటట్టు. నా నోట్లోంచి ఒక మాట బయటికి వచ్చింది. అది ఇంకా నా చెవుల్లోనే ఉంది.

"బాంచెన్."

నీ బానిసను అని. ఆ ఇలాకాలో దొరలు పిలిస్తే పలికే మాట. పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఆ మాట నేను ఒక్కసారే అన్నాను, ఐదారేళ్ల వయసులో. గల్లీలో పిల్లలం ఆడుకుంటూ అన్నాను. అమ్మ రాట్నం ముందు నుంచి లేచి వచ్చి నా చెంప మీద కొట్టింది. ఆమె నన్ను కొట్టింది కూడా అదొక్కసారే. వాకిట్లో బిచ్చగాడు ఆ మాట అంటే, అన్నం పెట్టి, ఇక్కడ ఆ మాట అనొద్దు అని చెప్పి పంపేది. ఎందుకో చివరి నాలుగు రోజుల దాకా నాకు తెలియదు.

విసనకర్ర ఆగింది.

"నిన్నెవలు పిలిచిన్రే?" అంది దొరసాని.

ఆమె మెడ తిప్పకుండానే అడిగింది. "గంగీ, నేను పిలిచిన్నా?"

"లేదు దొరసాని."

"నోరు దెరిచిన్నా?"

"లేదు దొరసాని. ఆకు నములుతున్నరు."

దొరసాని నోట్లోని ఆకును తీసి పళ్లెంలో పెట్టింది. "మొఖం జూసి మల్లి అనుకున్న. మనసుల అనుకున్న, గంతే. ఆ పేరు ఈ ఇంట్ల అననియ్యలే నేను. అది పోయిన కాడ్నుంచి ఇంకెవలకు ఆ పేరు వెట్టలే."

మల్లి అనే పేరు నేను వినడం అదే మొదలు. షోలాపూర్‌లో మా అమ్మ పేరు లచ్చవ్వ. తాత పెట్టిన పేరు.

"ఆ అల్మార ఎనక గూడున్నది," అంది దొరసాని. నాకు కాదు, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. "పూలబుట్ట గాడ్నే వెట్టేది. పిలవంగనే చేతులు సాపి బుట్ట దీస్కొని వచ్చేది. అల్మార అడ్డం వెట్టి ఇరవై ఏండ్లు దాటె."

నేను చేతులు దించుకున్నాను. పారిపోవాలనిపించింది. ఆమె ఒక్క కేక వేస్తే చాలు. బయట గుమాస్తా ఉన్నాడు, మూసిన దర్వాజా ఉంది, మా ఆయన ఒక్కడే ఉన్నాడు. నేను ఎవరి బిడ్డనో ఇక దాచడానికి ఏమీ మిగలలేదు. కేక కోసం ఎదురుచూశాను.

ఆమె కేక వేయలేదు. పీట మీద కొంచెం వెనక్కి జరిగింది. అప్పుడు నాకు తెలిసింది, ఆమె నన్ను పట్టించాలని చూడడం లేదు. నన్ను చూసి భయపడుతోంది.

"ఎన్నడు సచ్చినవే?" అని అడిగింది.

నన్నే అడిగింది. నేను అబద్ధం చెప్పలేదు. "మాఘమాసంల," అన్నాను. అది అమ్మ చచ్చిన నెల. కానీ ఆమె అడిగింది ఎవరిని, నేను చెప్పింది ఎవరి సంగతి అన్నది సరిచేయలేదు.

"ఏం గావాలె నీకు?"

"గంగక్క గావాలె. తోలుకపోత."

"తోలుకపోతే మల్ల రావు గద?"

"రాను."

ఆమె చెయ్యి ఎత్తి వెనక నిలబడ్డామెను చూపించింది. "తీస్కపో."

నేను అడిగింది ఈమెను కాదు. నేను అడిగింది వంకర చేతి ముసలామెను. ఆమె ఈ ఇంట్లో ఏ మూలనో ఉండవచ్చు. ఈమె కాదు అన్నానంటే దొరసానికి తెలివి రావచ్చు, భయం తగ్గవచ్చు, నేను మామూలు మనిషినని తెలియవచ్చు. అప్పుడు ఇద్దరూ దక్కరు, నేనూ దక్కను. ఊరుకుంటే అమ్మ అడిగిన మనిషిని నేనే వదిలేసినదాన్ని అవుతాను. ఎంతసేపు ఆలోచించానో తెలియదు, ఎక్కువసేపు అయి ఉండదు.

గంగి మొహం చూశాను. అందులో ఆశ లేదు, ఏమీ లేదు. కానీ ఆమె చప్పుడు కాకుండా వంగి, చేతిలోని విసనకర్రను నేల మీద పెట్టింది.

"నడువు," అన్నాను.

చీరెల మూట అక్కడే వదిలేశాను. దర్వాజా దగ్గర గుమాస్తా గంగిని చూసి, "ఇదేడికి?" అన్నాడు. "దొరసాని పొమ్మన్నది," అంది గంగి. అతను నమ్మలేదు. మమ్మల్ని అక్కడే నిలబెట్టి లోపలికి వెళ్లాడు. మా ఆయన అరుగు దగ్గర నుంచి లేచి నిలబడ్డాడు. గంగి గోడ వైపు తిరిగి నిలబడింది. నేను తలుపు గడియను చూస్తూ నిలబడ్డాను. దాన్ని ఎత్తడానికి ఇద్దరు మనుషులు కావాలి.

గుమాస్తా తిరిగి వచ్చినప్పుడు నా మొహం వైపు చూడలేదు. నా కాళ్ల వైపు చూశాడు, పాదాలు ఎటు తిరిగి ఉన్నాయో. తర్వాత తలుపు తీయించాడు.

"మూట ఏది? ఈమెవరు?" అన్నాడు మా ఆయన.

"లవ్కర్ నడువ్," అన్నాను. త్వరగా అని.

బండి ఊరు దాటింది. తర్వాత గంగే మొదలుపెట్టింది. "నీకు గావాల్సింది ముసలి గంగి. అది సచ్చి నాలుగు వానకాలాలాయె. నన్నెందుకు తెచ్చినవ్?"

నాకు ఏడుపు వచ్చింది. ఆపుకున్నాను. అమ్మ చివరి నాలుగు రోజులు తలుచుకున్న మనిషి అప్పటికే నాలుగేళ్లుగా లేదు.

"ఆమె నీకు తెలుసా?"

"పదేండ్లు ఒక్క కాడనే పండుకున్నం. ఎడమ చెయ్యి వంకర. గా చేతితోనే నీళ్లు తోడేది."

"మా అమ్మను ఎన్నడన్న తిట్టిందా?"

"తిట్టకుంట ఎట్లుంటది? రోజు తిట్టేది. పోయినదానివి పోయినవ్, బతికినవో సచ్చినవో ఒక్క కబురన్న పంపకపోతివే ముండా అని." కొంచెం ఆగి అంది, "మా పనులయినంక తిట్టేది. అదే మాకు కథ."

మా ఆయన ముందుకు తిరిగి ఎడ్ల వైపు చూస్తున్నాడు.

"దింపమంటవా?" అని అడిగాను గంగిని. "నీకు ఇష్టం లేకపోతే చెప్పు."

ఆమె వెనక్కి చూసింది. గోడ ఇంకా కనబడుతోంది. "బండి నడువనియ్యి. ఎద్దులకు గూడ మా దొరసాని భయమేనా?" అంది. బండివాడు నవ్వాడు. ఆ రోజు ఎవరైనా నవ్వింది అప్పుడే.

రైల్లో ఆమె నన్ను అడిగింది, "అక్కా, ఎవరు పిలువకుంటనే ఎందుకు పలికినవ్?" నేను లేచిన తీరు ఆమెనే చెప్పమన్నాను. చెప్పింది. నేను గబుక్కున లేవలేదట. పని మనిషి లేచినట్టు, కొంగు నడుముకు దోపుకుంటూ లేచానట. నడుస్తూ మధ్యలో ఒక చోట, కింద ఏమీ లేకపోయినా, కాలు ఎత్తి అడుగు వేశానట. ఆ వసారాలో అక్కడ ఎన్నడైనా గడప ఉండేదా అని అడిగాను. తెలియదంది. ఆమె వచ్చే నాటికి అంతా బండలు పరిచి చదునుగా ఉంది.

గంగ మా దగ్గరే ఉండిపోయింది. అమ్మ జాగాలో రాట్నం ముందు కూర్చుంది. మొదట్లో ఎవరు పిలిచినా ఉలిక్కిపడి లేచి, ఆ మాట సగం అని మింగేది. పేటలో ఆడవాళ్లు వింతగా చూసేవాళ్లు. పేరు మార్చుకో, నీకు నచ్చింది పెట్టుకో అన్నాను.

"ఎందుకు మార్చుకోవాలె? ఇప్పుడు నీళ్లు మోస్తలేను గద. ఇగ ఇది నా పేరు," అంది.

ఒక రోజు నేను వంటింట్లో నుంచి పిలిస్తే, "ఏందే? దారం తెగింది, ఆగు!" అని కసిరింది. నేను పొయ్యి ముందు అట్లాగే నిలబడిపోయాను. మా ఆయన మగ్గం ఆపి నా వైపు చూశాడు.

జరిగింది మా డాక్టరుకు చెప్పాను. చదువుకున్నవాడు, నిదానంగా విన్నాడు. చిన్నప్పుడు నేను నిద్రలో ఉండగా అమ్మ కలవరించి ఉంటుందని, పూలబుట్ట సంగతి, గూడు సంగతి అట్లా నా చెవిన పడి ఉంటాయని అన్నాడు. భయంలో, నిద్ర లేమిలో అవి బయటపడ్డాయన్నాడు. దొరసాని తనకు తెలియకుండానే గొణిగి ఉంటుందన్నాడు. ఇవన్నీ జరగవచ్చు. నేను కాదనలేదు. కానీ గంగ ఆమె పక్కనే నిలబడి ఉంది. దొరసాని పెదవి కదిపితే అర్థం చేసుకోవడం మీదనే ఆమె బతికింది. పెదవి కదలలేదని ఆమె ఒట్టు పెట్టి చెబుతుంది.

గంగకు ఏ సందేహమూ లేదు. మా అమ్మే వచ్చి నా నోటితో పలికిందంటుంది. పేటలో విన్నవాళ్లందరూ అదే అంటారు. అట్లా అనుకుంటే నాకు ఊరటగా ఉంటుందని వాళ్ల ఉద్దేశం.

నేను ఒప్పుకోను. నేను దయ్యాలను నమ్మకపోవడం ఒక్కటే కారణం కాదు. ఆ మాట ఇంకెన్నడూ అనకుండా ఉండడానికే అమ్మ ఆరు నెలల కడుపుతో నడిచి వచ్చింది. ఇరవై ఆరేళ్లు అనకుండా బతికింది. అనకుండానే చచ్చిపోయింది. చచ్చిన మూడు నెలలకు మళ్లీ ఆ ఇంటికే పోయి, ఆ మనిషి ముందే చేతులు చాపి ఆ మాట అనవలసి వచ్చిందని నేను ఎట్లా అనుకోను? గంగక్క కోసమైతే అనేదేమో. అది కూడా నాకు తెలుసు. అందుకే ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా లేచి ఏదో ఒక పని పెట్టుకుంటాను.

ఆ మాట అనకపోతే గంగ బయటికి వచ్చేది కాదు. అది మాత్రం నిజం. ఎవరన్నారని అడిగితే నేనే అన్నానని చెబుతాను. ఎట్లా అన్నానో నాకు ఈనాటికీ తెలియదు.